గుల్మర్గ్‌లో గైడ్ ఉన్నా సొంత బీకన్ కావాలా?

ప్రశ్న: ఫిబ్రవరిలో నలుగురం గైడ్‌తో అఫర్వత్ కొండ మీద బ్యాక్‌కంట్రీ (గస్తీ హద్దు బయట) స్కీయింగ్‌కి వెళ్తున్నాం. బీకన్ (మంచు కింద పడినవాళ్లని వెతికేందుకు సిగ్నల్ పంపే, పట్టే పరికరం) మాకూ కావాలా అండీ?

జవాబు 1: తప్పకుండా. అవలాంచ్‌లో (కొండ మీంచి విరుచుకుపడే మంచు) కూరుకుపోయింది గైడే అయితే వెతకాల్సింది మీరే కదా! ఒక్కొక్కరికీ బీకన్, కనీసం 240 సెం.మీ. ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), లోహపు పార ఉండాలి. అవలాంచ్ ఆగగానే మంచు బిగుసుకుపోతుంది, ప్లాస్టిక్ పార విరుగుతుంది. పావుగంట దాటితే బతికే అవకాశం బాగా పడిపోతుంది.

జవాబు 2: ఫోన్‌ని బీకన్‌కి 20 సెం.మీ. దూరంగా, వెతికేటప్పుడు 50 సెం.మీ. దూరంగా ఉంచండి. లేకపోతే సిగ్నల్ చెడి దిశ తప్పు చూపిస్తుంది. రీచార్జబుల్ బ్యాటరీలు వద్దు, చార్జ్ ఎంతుందో సరిగ్గా తెలియదు.

ప్రశ్న: గొండోలా (కేబుల్ కారు) దగ్గర గస్తీ ఉంటుందిగా?

జవాబు 1: గస్తీ ఉండే హద్దు దాటాక మొదట కాపాడాల్సింది మీ గుంపే. బయల్దేరే ముందు గైడ్‌తో అందరి బీకన్లూ పరీక్ష చేయించండి.