పెళ్లిచూపుల్లో వద్దన్న మచ్చల్ని డ్రెస్సు మీదికి తెచ్చాను, కార్డు మీద కూడా రాయాలా?

గోదావరి పిల్ల (హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్, బెంగళూరు)
మాది రాజమండ్రి. ఇక్కడ ఫ్యాషన్ డిజైన్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పన్నెండో ఏట నుంచి నాకు బొల్లి ఉంది, చేతుల మీద, మెడ కింద. రెండేళ్ల క్రితం ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయింది. అబ్బాయి పెద్దమ్మ మా అమ్మ ఎదురుగానే నా మోచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు పిల్లలకీ వస్తే?" అంది. ఆ పట్టు ఇప్పటికీ నా చేతికి తెలుస్తూనే ఉంది.

నా గ్రాడ్యుయేషన్ కలెక్షన్ అక్కడి నుంచే పుట్టింది. చిక్కపేటలో ముదురు నీలం కాటన్ తాను కొన్నాను. బ్లీచ్‌తో రంగు తీసేస్తూ నా చేతి మీది మచ్చల్నే దాని మీద దించుతున్నాను. మొత్తం ఆరు డ్రెస్సులు. గైడ్ మేడమ్‌కి బాగా నచ్చాయి. కానీ ప్రదర్శనలో డ్రెస్సుల పక్కన పెట్టే కార్డు మీద పెళ్లిచూపుల సంగతి రాయాల్సిందే అంటున్నారు. "కథ లేకపోతే జ్యూరీకి ఇది మామూలు ప్రింటే" అన్నారు. అమ్మేమో ఫోన్‌లో ఏడ్చింది, "ఊరంతా చదవాలా?" అని. మీరైతే ఏం చేస్తారు?

టి.నగర్ బొటీక్ అక్క (చెన్నై)
రాయి చెల్లీ. పెళ్లయిన మూడేళ్లకే నేను పుట్టింటికి తిరిగొచ్చాను. బొటీక్ పెట్టిన కొత్తలో ఎవరడిగినా "ఆయన దుబాయ్‌లో ఉన్నారు" అనేదాన్ని. ఆ అబద్ధం మోయడం కుట్టుపని కన్నా ఎక్కువ అలసట. నిజం చెప్పడం మొదలుపెట్టాకే, కొలతలిచ్చేటప్పుడు ఆడవాళ్లు వాళ్ల సంగతులు నాతో చెప్పుకోసాగారు. మెడ మీద గాటు ఉన్నవాళ్లకి కాలర్ ఎంత ఎత్తు పెట్టాలో, రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లకి జాకెట్ లోపల ప్యాడ్ ఎలా కుదరాలో అలాగే నేర్చుకున్నాను. నువ్వు దాచుకుంటే నీ పని కూడా మూగబోతుంది. ఇంకో మాట, కాటన్ బదులు పట్టు తీసుకుంటే ఇంకా నిండుగా ఉంటుంది.

శాంప్లింగ్ మాస్టర్ (బొమ్మనహళ్లి)
అమ్మా, పట్టు మీద మాత్రం బ్లీచ్ వెయ్యకు, పోగు కరిగిపోతుంది. కాటన్‌కి కూడా వట్టి నీళ్లు చాలవు. లోపల మిగిలిపోయిన బ్లీచ్ పోగుని తింటూనే ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది, ఒకరోజు వేలు తగిలితే చిరుగుతుంది. హైపో, అంటే బ్లీచ్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్, కలిపిన నీళ్లలో ముంచి దాన్ని ఆపాలి.

కార్డు సంగతికొస్తే నేను వద్దంటాను. 22 ఏళ్లుగా గార్మెంట్ యూనిట్‌లో శాంపిళ్లు చూస్తున్నాను. బాధ ఉన్నంత మాత్రాన భుజం కూర్చోదు. చిరిగిన లేసు గౌన్లు అనగానే పిల్లలంతా డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ పేరు చెబుతారు. ఆయన 16 ఏళ్లకే బడి మానేసి లండన్‌లో సావిల్ రో టైలర్ల దగ్గర కోట్లు కుట్టడం నేర్చుకున్నాడు. ఎక్కడ చింపితే బట్ట నిలుస్తుందో కుట్టు తెలిసినవాడికే తెలుస్తుంది. జ్యూరీ వాళ్లు కార్డు చదివి కళ్లు తుడుచుకుంటుంటే నీ చంక కుట్టు ఎవరు చూస్తారు?

టి.నగర్ బొటీక్ అక్క
మాస్టరు గారూ, ఆ మెక్వీన్ సంగతే తీసుకోండి. 1995లో 'హైలాండ్ రేప్' అని కలెక్షన్ చేశాడు. స్కాట్లాండ్ మీద ఇంగ్లండ్ చేసిన దౌర్జన్యం గురించి అన్నాడు ఆయన. ఆడవాళ్ల మీద హింసని సోకు చేశాడని విమర్శకులు తిట్టిపోశారు. ఈ అమ్మాయి చెప్పకపోతే చూసినవాళ్లు వాళ్లకు తోచిన కథ అల్లుతారు.

శాంప్లింగ్ మాస్టర్
ఆయన చెప్పాడు కదమ్మా. చెప్పినా తప్పుగానే అర్థం చేసుకున్నారు.

మనసు మాట (జయనగర్, బెంగళూరు)
నేను కౌన్సెలర్‌ని. 1986లో జేమ్స్ పెనెబేకర్, శాండ్రా బీల్ అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమ జీవితంలోని పెద్ద గాయం గురించి రాయించారు. రాసిన వెంటనే దిగులు పెరిగింది, తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అయితే అక్కడ ఎవరూ వాటికి మార్కులు వెయ్యలేదు. మార్కుల కోసం గాయం అడగడం నాకు మింగుడుపడటం లేదు. పనిలో పెడితే బాధ దానంతటదే పోతుందని కూడా అనుకోకండి. మెక్వీన్ 2010లో, 40 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. రాత్రులు నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు.

ఓ నాన్న (మారతహళ్లి)
మా పాపకి తొమ్మిదేళ్లు, బొల్లి. అంటుకునేది కాదని, చర్మానికి రంగునిచ్చే కణాలు పోవడమేనని ఎంత చెప్పినా, బడిలో బెంచీ మార్చారు. ఆ రోజు నుంచి ఎండల్లో కూడా ఫుల్ చేతులే అడుగుతోంది. ఒకటే మాట అడుగుతానమ్మా. ఆ పెద్దమ్మ అన్నది రాయకు, ఆవిడ మాట మా పాపకెందుకు? కానీ "బొల్లి" అన్న మాట మాత్రం రాయి. నీ డ్రెస్సు ముందు నిలబడి "నాన్నా, ఇది నాలాగే ఉంది" అని పాప అంటే, అవునని చెప్పడానికి ఆ మాట అక్కడ ఉండాలి.

గోదావరి పిల్ల
నాన్న గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేనూ చర్మాన్నీ ఆ అవమానాన్నీ ఇన్నాళ్లూ ఒకటే చేసి మోశాను. మచ్చలు నావి, ఆ మాట ఆవిడది.

కార్డు మళ్లీ రాశాను: "నీలం కాటన్, బ్లీచ్. ఆకారాలు నా కుడి చేతి మీది బొల్లి మచ్చలవి." అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. "ఇంతేనా?" అంది. కాసేపాగి, "ఎడమ చేతివి వెయ్యలేదే, మణికట్టు దగ్గరిది బాగుంటుంది కదా" అంది. ఆ మచ్చని అమ్మ బాగుందనడం ఇదే మొదటిసారి.

మేడమ్ ఇంకా ఒప్పుకోలేదు, సోమవారం మళ్లీ అడుగుతాను. ఆరో డ్రెస్సు నా కొలతకే కత్తిరించాను, పొట్టి చేతులు. మొదటి రెండు డ్రెస్సులు వట్టి నీళ్లతోనే ఉతికేశాను మాస్టరు గారూ, మూడు వారాలైంది. అంచులు కాస్త పలచబడ్డాయి. ఇప్పుడు హైపోలో వేసినా పనికొస్తాయా?