టాటా నెక్సాన్ ఈవీ (కరెంటు కారు): 30 కిలోవాట్ అవర్ బ్యాటరీ చాలా, 45 కావాలా?

కొత్తబండి: హైదరాబాద్‌లో రోజుకు 40 కిలోమీటర్ల తిరుగుడు, నెలకోసారి విజయవాడ. ఏది తీసుకోమంటారు?

సొంతిల్లు: 30 చాలు. కిలోవాట్ అవర్ అంటే ఒక యూనిట్ కరెంటే. యూనిట్‌కి 7 కిలోమీటర్లు వేసుకున్నా రోజుకు ఆరు యూనిట్లు. 15 ఆంప్స్ ప్లగ్గు గంటకు 3 ఎక్కిస్తుంది, రెండు గంటల పని. మిగతాది ఊరికే మోసుకు తిరగడమే. విజయవాడ 275 కిలోమీటర్లు. వంద స్పీడులో తోలితే యూనిట్‌కి 6. పది శాతం మిగుల్చుకుంటే 45 కూడా 240 దగ్గర అయిపోతుంది. ఎలాగూ ఒకచోట ఆగాల్సిందే!

మూడోఅంతస్తు: ఎంతసేపు ఆగాలో కూడా చెప్పండి సార్. 45కి దారిలో 6 యూనిట్లు చాలు, 25 కిలోవాట్ డీసీ గన్నుతో (రోడ్డు మీద ఉండే ఫాస్ట్ ఛార్జర్) పావుగంట. 30కి 19 కావాలి, ముప్పావుగంట. అదీ సూర్యాపేటలోనే. అక్కడ మిషన్ పడుకుంటే? 135 కిలోమీటర్లకి 22న్నర యూనిట్లు పోయి, మిగిలింది 7న్నర. కోదాడ ఇంకో 45. లెక్క సరిగ్గా సున్నా.

సొంతిల్లు: ఏసీ కట్టేసి 60లో పోతే సున్నా ఎందుకవుతుంది? నెలకో ట్రిప్పు కోసం లక్షకు పైగా పోయాలా?

వోల్ట్‌మీటర్: మీ సూర్యాపేట సరే, ముందు ఇంటి సాకెట్ చూడండి. దానికి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ (లోడెక్కువైతే తనే పడిపోయే స్విచ్) ఉండాలి. గంటల తరబడి 13, 14 ఆంప్స్ లాగుతుంటే పిన్ను వదులుగా ఉన్నచోట ప్లాస్టిక్ ముందు పసుపెక్కుతుంది, తర్వాత కరుగుతుంది. ఎర్త్ సరిగా లేకపోతే ఛార్జర్ ఎర్రలైటు వేసుకుని కూర్చుంటుంది.

మూడోఅంతస్తు: ఆ సాకెట్ సెల్లార్లో ఎవరు పెట్టనిస్తారు?

సొంతిల్లు: మీ మీటరు నుంచే లైను లాగించుకోండి. దీనికింత రాద్ధాంతమా?

మూడోఅంతస్తు: అసోసియేషన్ ఒప్పుకోవద్దూ! లోడంటారు, నిప్పంటారు. గేటు లోపల ప్లగ్గున్నవాళ్లకి 30 చాలు. బయట ఛార్జింగ్ మీదే బతికేవాడికి 10 నుంచి 80 శాతం అంటే 30లో 21 యూనిట్లు, నాలుగో రోజు మళ్లీ క్యూ. 45లో 31, ఆరో రోజు. తేడా విజయవాడది కాదు, ఇదీ.

రాత్రిఛార్జ్: డీసీ గన్నుతో 80కే ఆపేస్తూ పోతే ఈ బండి బ్యాటరీలోని ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌లో ఛార్జ్ సమానం కాదు, డ్యాష్‌బోర్డులో శాతం తప్పు చూపిస్తుంది. అప్పుడప్పుడూ నెమ్మదిగా 100 దాకా ఎక్కించాలి.

సొంతిల్లు: బయట యూనిట్‌కి 20 రూపాయలు పోసేవాళ్లకి ఈవీ ఎందుకసలు?

మూడోఅంతస్తు: 20ని 7తో భాగించండి, కిలోమీటరుకి మూడు రూపాయల లోపే. పెట్రోలు లీటరు 107, మైలేజీ 15 వేసుకోండి, ఏడు. ఇల్లు లేనివాడు పొగ పీలుస్తూ ఉండాలా?

కొత్తబండి: మాది అపార్ట్‌మెంటేనండీ, రెండో అంతస్తు. చెప్పడం మర్చిపోయా.

వోల్ట్‌మీటర్: మీ మీటరు బోర్డు నుంచి పార్కింగ్‌కి ఎంత దూరం? 30 మీటర్లు దాటితే 4 వద్దు, 6 స్క్వేర్ వేయించండి.