పోకెమాన్ రెడ్, బ్లూ: ఆరో ఐటెమ్ పెరగడం, "?????", "8ఎఫ్" మీద సందేహాలు

ప్రశ్న: గేమ్ బాయ్ పోకెమాన్ రెడ్, ఇంగ్లిష్ కార్ట్రిడ్జ్. మిస్సింగ్‌నో (ఆటలో లోపం వల్ల వచ్చే ఉత్తుత్తి పోకెమాన్) ఎదురైతే బ్యాగ్‌లో ఆరో ఐటెమ్ పెరుగుతుందంటారు, సేవ్ పోతుందని కూడా అంటారు. ఇందులో ఏది నిజం? పెరిగేది ఆరోదే ఎందుకు?

జవాబు: పెరగడం నిజమేనండీ. సేవ్ పోదు, హాల్ ఆఫ్ ఫేమ్ రికార్డు మాత్రం చెడుతుంది. మిస్సింగ్‌నో బొమ్మ విప్పేటప్పుడు డేటా హద్దు దాటి పక్కనున్న హాల్ ఆఫ్ ఫేమ్ మీద పడుతుంది. అసలు ఆట సేవ్ వేరే మెమరీ బ్యాంక్‌లో (భాగంలో) ఉంటుంది.

చేసే పద్ధతి:
1. పెంచాల్సిన ఐటెమ్‌ను బ్యాగ్‌లో పైనుంచి ఆరో చోట పెట్టి, సేవ్ చేయండి.
2. విరిడియన్ సిటీలో ముసలాయన "తొందరలో ఉన్నావా" అంటే కాదనండి. పోకెమాన్ పట్టి చూపిస్తాడు, పూర్తిగా చూడండి.
3. దారిలో ఎక్కడా గడ్డిలోకి దిగకుండా నేరుగా ఫ్లై (ఎగిరి వెళ్లే మూవ్) వాడి సిన్నబార్ చేరండి.
4. ద్వీపం తూర్పు గట్టును ఆనుకుని సర్ఫ్‌లో (నీళ్లపై తిరిగే మూవ్) పైకీ కిందికీ తిరగండి. ఒడ్డు వదిలి లోపలికి పోవద్దు.
5. మిస్సింగ్‌నో వస్తే పారిపోండి. పట్టుకోనక్కర్లేదు, కనిపిస్తే చాలు.

ఇక ఆరోదే ఎందుకంటే: పోకెడెక్స్‌లో (పోకెమాన్ వివరాల చిట్టాలో) "చూశాను" అనే గుర్తులు మెమరీలో డీ30ఏ (హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా రాసిన చిరునామా) దగ్గర మొదలవుతాయి, పోకెమాన్‌కో బిట్. మిస్సింగ్‌నో పోకెడెక్స్ నంబరు 0. ఆట అందులోంచి 1 తీసేస్తుంది. ఒక బైట్‌లో 0 లోంచి 1 తీస్తే 255. అంటే 31 బైట్లు ముందుకెళ్లి, డీ329లో చివరి బిట్. బ్యాగ్‌లో ఆరో ఐటెమ్ సంఖ్య ఉండేది సరిగ్గా అక్కడే! ఆ బిట్ విలువ 128. ఒకటుంటే 129 అవుతుంది, 99 ఉంటే 227. ఇప్పటికే 128 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ బిట్ ముందే పడి ఉంటుంది కాబట్టి మార్పుండదు. వాడి 127కి దించాక మళ్లీ చేసుకోవచ్చు. సంఖ్య 99 దాటితే రెండంకెల చోట పిచ్చి గుర్తు కనిపిస్తుంది, దానికి కంగారు పడకండి. పోకెమాన్ బొమ్మలు తిరగబడితే మామూలు పోకెమాన్ ఒకదాని స్టేటస్ స్క్రీన్ తెరిచి చూడండి, సర్దుకుంటాయి.

మళ్లీ ప్రశ్న: ఎంత తిరిగినా గోల్డక్, స్నోర్లాక్స్ లాంటివే వస్తున్నాయి, లెవెల్ 100 పైన. మిస్సింగ్‌నో జాడ లేదు.

జవాబు: అది మీ పేరు మహిమ. ముసలాయన వంతు వచ్చినప్పుడు స్క్రీన్ మీద ఆయన పేరు చూపించాలి కాబట్టి, మీ పేరును ఆట తాత్కాలికంగా గడ్డిలో వచ్చే పోకెమాన్ జాబితా ఉండే చోట దాస్తుంది. ఆ గట్టున ఒకే గడిలో కుడి సగం నీళ్లు, ఎడమ సగం ఒడ్డు. ఎదురవ్వాలా వద్దా అన్నది కుడి సగాన్ని, ఏది ఎదురవ్వాలన్నది ఎడమ సగాన్ని చూసి తేలుస్తుంది. అక్కడికి సొంత గడ్డి జాబితా లేదు కాబట్టి పాత సరుకు, అంటే మీ పేరే, అలాగే మిగిలిపోతుంది.

మెమరీలో అక్షరాలూ సంఖ్యలే, వాటినే ఆట పోకెమాన్ సంఖ్యలుగా చదువుతుంది. పేరులో 3, 5, 7వ అక్షరాలు ఏ పోకెమానో చెబుతాయి, 2, 4, 6వ అక్షరాలు లెవెల్. ఆ బేసి స్థానాల్లో పెద్దబడి జీ, హెచ్, జే, ఎమ్, ఎస్‌లలో ఒకటి ఉంటే మిస్సింగ్‌నో వస్తుంది. ఏ ఉంటే గోల్డక్, ఈ ఉంటే స్నోర్లాక్స్, డీ ఉంటే మ్యూటూ. పేరు సరిగ్గా 2, 4 లేదా 6 అక్షరాలైనా పని జరుగుతుంది, ఎందుకంటే పేరు ముగింపు గుర్తు సంఖ్య 80, ఆ సంఖ్యకూ అసలు పోకెమాన్ లేదు, మిస్సింగ్‌నోయే వస్తుంది. ఆట లోపలి మొత్తం 190 పోకెమాన్ సంఖ్యల్లో 151 అసలు పోకెమాన్, మిగిలిన 39 ఇలాంటి ఖాళీలు.

ఇంకొకరు: పోకెమాన్ ఎల్లోలో (అదే తరం ఇంకో ఆట) ఈ గట్టు పద్ధతి పని చేయదు, టైమ్ వృథా. 2016లో 3డీఎస్‌కి వచ్చిన రెడ్, బ్లూల్లో మాత్రం యథాతథంగా పని చేస్తుంది.

ప్రశ్న: సరే, మరి "?????", "8ఎఫ్" అనే వింత ఐటెమ్‌ల సంగతేంటి?

జవాబు: రెండూ ఒక జాతివి కావు. "?????" ఐటెమ్ నంబరు 7, సర్ఫ్ బోర్డు. ఆటలో ఎక్కడా దొరకదు, కానీ వాడుకలోనే ఉంది. మీరు మామూలుగా సర్ఫ్ వాడినప్పుడల్లా ఆట లోపల్లోపల ఈ ఏడో ఐటెమ్‌నే వాడుతుంది. బ్యాడ్జ్ ఉందా లేదా అన్న తనిఖీ పోకెమాన్ మెనూలోనే అయిపోతుంది కాబట్టి, ఐటెమ్‌గా వాడితే ఆ మూవ్ లేకపోయినా, బ్యాడ్జ్ లేకపోయినా నీళ్లలోకి దిగొచ్చు. బౌల్డర్ బ్యాడ్జ్ ఐటెమ్ కూడా ఇలాంటిదే, సఫారీ జోన్‌లో విసిరే ఎర దాని నంబరుతోనే నడుస్తుంది.

8ఎఫ్ లిఫ్టులో అంతస్తు పేరు. లిఫ్టు మెనూ ఐటెమ్ జాబితానే వాడుకుంటుంది కాబట్టి 84 నుంచి 97 దాకా నంబర్లు అంతస్తులకిచ్చారు. టీమ్ రాకెట్ (ఆటలో విలన్ ముఠా) స్థావరంలో లిఫ్టు బీ3ఎఫ్‌లో ఆగదు, అందుకే జాబితాలో ఆ పేరు లేదు. "వాడితే ఏం చేయాలి" అన్న పట్టిక మాత్రం 83తోనే అయిపోతుంది. 93వదైన 8ఎఫ్‌ని వాడితే ఆట పట్టిక దాటి చదివి డీ163కి దూకుతుంది. అక్కడుండేది మీ జట్టులో ఎన్ని పోకెమాన్ ఉన్నాయన్న సంఖ్య. ఆ తర్వాత వరసగా పోకెమాన్ నంబర్లు. వాటినే ప్రాసెసర్ ఆజ్ఞలనుకుని నడిపేస్తుంది. జట్టును లెక్క ప్రకారం పేర్చకుండా వాడితే ఎక్కువగా ఫ్రీజ్ అవుతుంది.

గేమ్‌షార్క్ (చీట్ కోడ్‌లు ఎక్కించే పరికరం) ఉంటే 01071ఈడీ3 కొడితే మొదటి చోట సర్ఫ్ బోర్డు వస్తుంది, 07 బదులు 5డీ (హెక్స్‌లో 93) పెడితే 8ఎఫ్. బ్యాగ్‌లో కనీసం ఒక ఐటెమ్ ఉండాలి, వచ్చాక కోడ్ ఆపేయాలి. లేదంటే మొదటి చోట ఏం పెట్టినా మళ్లీ అదే అవుతుంది. ఇది రెడ్, బ్లూ ఇంగ్లిష్‌కే, ఎల్లోలో చివర 1డీడీ3 అని మార్చాలి. 8ఎఫ్ ముట్టుకునే ముందు సేవ్ కాపీ తీసి పెట్టుకోండి, అది మెమరీలో ఎక్కడైనా రాయగలదు.