అదే ముక్క, అదే మిషన్: ఒకసారి 0.04, ఇంకోసారి 1.7?

కావలి కుర్రోడు:
నెల్లూరులో ఇంజినీరింగ్ ప్రాజెక్టు చేస్తున్నాను. రొయ్యల చెరువు పంపుల మెకానికల్ సీల్ (నీళ్ళు కారకుండా ఆపేది) ముఖాన్ని ల్యాపింగ్ చేసి, అంటే నున్నగా అరగదీసి, వైట్ లైట్ ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతి గీతలతో ఎత్తుపల్లాలు కొలిచే మిషన్) కింద రఫ్‌నెస్ చూస్తున్నా. పొద్దున ఆర్ఏ (సగటు ఎత్తు నుంచి ఎగుడుదిగుళ్ళ సగటు తేడా) 0.04 మైక్రాన్లు వచ్చింది. ముక్క తీసి మళ్ళీ పెడితే 1.7! ఆకుపచ్చ ఫిల్టర్ వేసి చూస్తే స్క్రీన్ నిండా సన్నటి గీతలు, లెక్కపెడితే 25. మిషన్ పాడైందా? సోమవారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

లెక్కల పిచ్చి:
సాఫ్ట్‌వేర్‌లో లెవెలింగ్ ఆన్ చెయ్ బ్రో, వాలుంటే లెక్కలో అదే తీసేస్తుంది, అయిపోతుంది.

టూల్‌రూమ్ బాబాయ్:
అయిపోదబ్బాయ్. మిషన్‌కేం కాలేదు, నీ ముక్క వాలుగా కూర్చుంది. ఒక గీత నుంచి పక్క గీతకు ఎత్తు తేడా తరంగదైర్ఘ్యంలో సగం. ఆకుపచ్చ కాంతికి సుమారు 0.275 మైక్రాన్లు. 25 గీతలంటే ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 6.9 మైక్రాన్ల వాలు. నున్నటి వాలుకు ఆర్ఏ కడితే ఎత్తులో నాలుగో వంతు వస్తుంది. 6.9ని 4తో భాగించి చూడు, నీ 1.7 అదే! నువ్వు కొలిచింది గరుకు కాదు, వాలు.

స్టేజ్ కింద రెండు టిల్ట్ నాబ్‌లుంటాయి. ఒకటే పట్టుకుని మెల్లగా తిప్పు. గీతలు ఇంకా దగ్గరైతే వెనక్కి తిప్పు. వెడల్పయ్యే కొద్దీ ముక్క సమంగా వస్తున్నట్టు. తరవాత రెండోది. ఒక్క గీతే స్క్రీనంతా పరుచుకునేదాకా తే. మధ్యలో గీతలు మాయమైతే కంగారు పడొద్దు, ఫోకస్ తప్పింది, అంతే. ఫిల్టర్ తీస్తే ఇంకా తొందరగా మాయమవుతాయి. తెల్ల కాంతికి ఫోకస్ దగ్గర కొన్ని గీతలే కనిపిస్తాయి.

లెవెలింగ్ ఆ తరవాత, మిగిలిన కొసరు వాలుకి. ముందే దాని మీద వదిలేస్తే, ఏటవాలుగా తిరిగొచ్చిన కాంతి లెన్సులో వేరే దారి పట్టి తెచ్చే తప్పు అలాగే ఉండిపోతుంది.

మా రోజుల్లో సోడియం దీపం, ఆప్టికల్ ఫ్లాట్ అనే చదును గాజు బిళ్ళ, అంతే. ఇప్పుడు చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ చూస్తున్నా. అక్కడ కంటికి మెరిస్తే చాలంటారు!

కావలి కుర్రోడు:
బాబాయ్, ముక్క అడుగున చిన్న బర్ (పైకి లేచిన మొన) ఉంది. ఆకురాయితో రుద్ది పెట్టా. రెండు గీతలకు తెచ్చేసరికి మెడ పట్టేసింది. మిగిలిన కొసరు లెవెలింగ్‌కి వదిలేశా. మూడుసార్లు తీసి పెట్టినా 0.04, 0.05 మధ్యే.

టూల్‌రూమ్ బాబాయ్:
రివ్యూలో 1.7 ప్రింటు కూడా చూపించు. దాచొద్దు.