జర్మనీల పోస్ట్‌డాక్ వచ్చింది, ముందుగాల ఏం చూసుకోవాలె?

అడిగినవారు (హన్మకొండ):
అందరికీ నమస్తే. పదకొండేండ్ల సంది ఇక్కడ కాలేజీల కెమిస్ట్రీ చెప్తున్న. జర్మనీల ఒక యూనివర్సిటీల రెండేండ్ల పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయినంక చేసే పరిశోధన కొలువు వచ్చింది, అక్టోబర్ 1న చేరాలె. ల్యాబ్ పనికి భయం లేదు. వారానికొక ఎక్సర్‌సైజ్ క్లాసు, అంటే పిల్లలతోని లెక్కలు చేయించే క్లాసు, ఇంగ్లీషుల తీసుకోవాలన్నరు, గదే గుబులు. మా ఇంటామె, పాప జనవరిల వస్తరు.

కాజీపేట, ఇప్పుడు డ్రెస్డెన్‌ల:
తమ్మీ, క్లాసు సంగతి తెలిసినోళ్లు చెప్తరు, నేను ఇంటి గురించే చెప్త. ఇంట్ల దిగిన రెండు వారాల్ల టౌన్ ఆఫీసుల పేరు నమోదు చేసుకోవాలె, అన్‌మెల్డుంగ్ అంటరు. దానికి ఓనర్ సంతకం పెట్టిన వేరే కాగితం కావాలె, కిరాయి అగ్రిమెంట్ ఒక్కటే చాలదు. అది అయినంకనే ట్యాక్స్ నంబర్ పోస్టుల వస్తది. ఆ నంబర్ ఇయ్యకుంటే జీతంల పన్ను ఎక్కువ కోస్తరు. తర్వాత సర్దుతరు గని, అడ్వాన్సు కట్టి చేయి ఖాళీ అయినోనికి ఆ కోత మస్తు నొప్పి.

నా కథ విను. పోస్టు డబ్బా మీద పాత కిరాయిదారు పేరే ఉండె. అక్కడ ఫ్లాట్ నంబర్ చూసి ఉత్తరం వెయ్యరు, పేరు చూసి వేస్తరు. నా ట్యాక్స్ నంబర్ వాపస్ పోయింది. సామాను దించకముందే డబ్బా మీద పేరు అంటించు.

ఇంకొకటి, రేడియో టీవీ రుసుం అని నెలకు 18.36 యూరోల చిట్టీ వస్తది. టీవీ లేకున్నా కట్టాలె, ఇంటికి ఒకటే. నేను మోసమనుకొని చింపేసిన.

నిట్ దగ్గర ఉండే మేడం (మూడేళ్లు అక్కడ చెప్పి వచ్చారు):
క్లాసు గురించి నేను చెప్తాను. టైం టేబుల్‌లో 10 పక్కన సి.టి. అని ఉంటే పదీ పావుకు మొదలు. ఎస్.టి. అని ఉంటే సరిగ్గా పదికే. నేను మొదటి రోజు పదింటికి వెళ్లి, ఖాళీ గదిలో నిలబడి, సెలవేమో అనుకున్నాను. ఇక క్లాసు అయిపోగానే పిల్లలంతా వేళ్ల కణుపులతో బల్లలు తట్టారు. మన దగ్గర లెక్చరర్‌ను ఏడిపించడానికే కదా బల్లలు కొట్టేది! ముఖం ఎర్రబడింది. అవి వాళ్ల చప్పట్లని పక్క గదిలో ఆవిడ చెప్పాక ఊపిరి పీల్చుకున్నా.

మనం 75 శాతం హాజరు పట్టుకొని కూర్చున్నవాళ్లం. అక్కడ చాలా కోర్సులకు హాజరు పట్టీయే ఉండదు. ముప్పై మందితో మొదలైన నా క్లాసు డిసెంబర్‌కు పన్నెండుకు దిగింది. మనసుకు తీసుకోకండి, పరీక్షకు మళ్లీ అందరూ కనిపిస్తారు. లెక్క మొత్తం మీరే బోర్డు మీద చేసేయకండి. నేను అదే చేశాను, అలవాటు ఎక్కడికి పోతుంది? వాళ్లు ఇంట్లో చేసుకొని, ఆగిపోయిన చోటు అడగడానికి వస్తారు. మధ్యలో ఆపి "ఈ మెట్టు ఎందుకు?" అంటారు, మీరే తప్పు చేశారంటారు. ఒక్కోసారి నిజంగానే చేసి ఉంటాం.

మార్కులు తలకిందులు: 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 పాసు, 5.0 ఫెయిలు.

అడిగినవారు:
మేడం, ప్రొఫెసర్ మెయిల్‌ల తనను పేరు పెట్టి పిలువుమన్నడు. నాకు నోరు తిరుగుతలేదు.

మేడం:
ఆయనే అన్నారు కాబట్టి పిలవండి. ఇంకా సర్ అంటుంటే దూరం పెడుతున్నారనుకుంటారు. అలాగని పక్క ప్రొఫెసర్‌ను కూడా పిలవకండి, ఆ మాట ఎవరికి వారు చెప్పాలి.

కరీంనగర్ నుంచి ఒకరు:
నీది రీసెర్చర్ వీసా గాని బ్లూ కార్డ్ (పెద్ద చదువు కొలువులోళ్లకు ఇచ్చే పర్మిట్) గాని అయితే చెల్లెకు, అంటే మీ ఇంటామెకు, ఏ1 (మొదటి మెట్టు) జర్మన్ పరీక్ష అడుగరు. అయినా నేర్చుకోమను, పాపను డాక్టర్ దగ్గరికి తీస్కపోయినప్పుడు అక్కరకొస్తది. ఇక్కడి లీవు ఆర్డర్ చేతికి రాకుండా విమానం ఎక్కకు. నోటి మాట చెల్లదు.

అడిగినవారు:
కాజీపేట అన్నా, పాస్‌పోర్టుల నా ఇంటిపేరు, పేరు కలిపి ఇరవై ఆరు అక్షరాలు. డబ్బా మీద పడతదా?

కాజీపేట:
ఇంటిపేరు ముందు రాయి, పూర్తిగ. జాగ చాలకుంటే నీ పేరు కుదించు. మనలెక్క ఇంటిపేరును ఒక్క అక్షరం చేసి చుక్క పెడితే మాత్రం పోస్టాయన వాపస్ తీస్కపోతడు.