వెల అడగకుండా వాచీలు సేకరించడం సాధ్యమేనా?

చావి మాస్టరు (నల్లగొండ):
బడి నుంచి పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో నా దగ్గరికి ఇరవై ఏడు చేతి గడియారాలు చేరాయి. ఎక్కువగా హెచ్‌ఎంటీ కంపెనీవే: జనతా, పైలట్ మోడళ్లు, ఒక కోహినూర్. సీకో వారి సహకారంతో మన హైదరాబాదులో తయారైన అల్విన్‌లు మరో మూడు ఉన్నాయి. దేనికీ పదిహేను వందలకు మించి ఇవ్వలేదు. సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి పెట్టె తెరిచి చూసి, ఇవన్నీ అమ్మితే ఎంత వస్తుందని అడిగాడు. నాకు తెలియదన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు గానీ, ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది.

నా మాట ఇది. వెల ఎంతని అడిగిన క్షణంలోనే గడియారం సరుకైపోతుంది. నేను పొద్దున్నే చాయ తాగి, ఆ రోజుకు ఒకదాన్ని బయటికి తీసి చావి ఇస్తాను. మొదట తేలికగా తిరిగే బుడిపె ఇరవై, ముప్పై తిప్పులయ్యేసరికి బిగుసుకుని, ఇక చాలని వేలికే చెబుతుంది. అప్పుడు చెవికి ఆనించుకుంటే గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదు సార్లు కొట్టుకునే ఆ చప్పుడు వినిపిస్తుంది. ఈ సుఖానికి ధర తెలిసి ఉండవలసిన అవసరం ఏముంది? హోదా, ధర పట్టించుకోకుండా ఇష్టం కొద్దీ వాచీలు కూడబెట్టడం సాధ్యం కాదనేవారు ఎవరైనా ఉంటే కారణం చెప్పండి.

సూర్యాపేట క్యాసియో:
సాధ్యమే సార్. నా దగ్గర చవక డిజిటల్ వాచీలు, క్యాసియో ఎఫ్-91డబ్ల్యూలు మూడున్నాయి. 1989 నుంచి వస్తున్న మోడల్ అది. వాటిని చూసి ఇప్పటిదాకా ఒక్కరు కూడా నన్ను పెద్దమనిషి అనుకోలేదు.

మక్తల్ వలస:
సాధ్యం కాదనేవాణ్ని నేనున్నాను. మన పల్లెల్లో చేతి గడియారం ఒట్టి గడియారంగా ఎప్పుడుంది? పెళ్లికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో పెడితే గాని సంబంధం కుదరని రోజుల గురించి మా తాత చెప్పేవాడు. పొద్దు చూసి పొలానికి పోయేవాడికి నిమిషాల ముల్లుతో పనేముంది? చొక్కా చెయ్యి మడిచి, ఆ మణికట్టు నలుగురికీ కనబడేలా అరుగు మీద ఆనించి కూర్చోవడానికే అది. మీ ఇళ్లలోని పాత పెళ్లి ఫొటోలు తీసి చూడండి, మొగుడి ఎడమ చెయ్యి ఎప్పుడూ కాస్త ముందుకే ఉంటుంది.

ఇక మీ విషయానికి వస్తాను. దేనికీ పదిహేను వందలకు మించి ఇవ్వలేదని మీరు మొదటి పేరాలోనే చెప్పారు. వెల పట్టనివారు వెల ఎందుకు చెప్పారు సార్? ఒకడు లక్ష పెట్టానని చెప్పుకుంటాడు, ఇంకొకడు లక్ష పెట్టలేదని చెప్పుకుంటాడు. రెండూ చెప్పుకోవడమే.

మిర్యాలగూడ మిల్లు:
నా దగ్గర స్విస్ వాచీలు రెండున్నాయి, రెండూ ఖరీదైనవే. ఈ మాటలు చదివాక అవి పెట్టుకుని సంతోషపడే హక్కు నాకుందో లేదో తెలియడం లేదు. ఎక్కువ డబ్బు పెట్టినవాడు లోపలి మెషీను చూసి ముచ్చటపడి ఉండడని ముందే తీర్మానించడం ఏం న్యాయం?

చావి మాస్టరు:
మిర్యాలగూడ వారిని నేనేమీ అనలేదు, వారి వాచీలు వారికి సుఖాన్నిస్తే అంతకన్నా కావలసింది లేదు. మక్తల్ తమ్ముడు చెప్పిన ఫొటో సంగతి నిజమే. ఇప్పుడే లేచి వెళ్లి గోడ మీద చూసి వచ్చాను, నా చెయ్యి కూడా ముందుకే ఉంది.

అయితే అదొక్కటే చరిత్ర కాదు. హెచ్‌ఎంటీ వారు 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాలు మొదలుపెట్టారు. ఆ తర్వాత వాళ్లు చేసిన ఒక రకానికి జనతా అనే పేరు పెట్టడం, కొన్నింటి డయలు మీద ఆ పేరును హిందీ అక్షరాల్లోనే వేయడం ఊరికే జరిగిన పని కాదు. మా నాన్న నాగార్జునసాగర్ కట్ట మీద కూలీల హాజరు రాసేవాడు. 1955లో పునాదిరాయి పడిన ఆ పని పన్నెండేళ్లు సాగింది. మధ్యలో ఎప్పుడో ఆయన ఒక వాచీ కొన్నాడు, హాజరు వేళకు పడాలి కాబట్టి కొన్నాడు. ప్రధాన కట్ట రాతి కట్టడం గనుక, 1967లో కాలువలకు నీళ్లు వదిలే నాటికి ఆ వాచీ గ్లాసు నిండా రాతి దుమ్ము గీతలే. దాన్ని నేను ఇప్పటికీ మార్చలేదు. వెలుగులో ఒక వాలున పట్టుకుంటే తప్ప అంకెలు కనిపించవు. అది ఎవరికి చూపించుకునే హోదా?

దేవరకొండ దుకాణం:
పాత వాచీలు కొనడం, అమ్మడం నా జీవనం కాబట్టి ఒక మాట చెబుతాను. వెల తెలియనివాడినే మోసం చేస్తారు సార్. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపిన తర్వాత వాటిని వెతికేవారు పెరిగారు, వెతికేవారు పెరిగేసరికి తయారుచేసేవారూ పెరిగారు. ముంబయి వైపు నుంచి వచ్చే వాటిలో చాలావరకు పాత డయలుకు కొత్తగా రంగు పూసి అక్షరాలు అచ్చు వేసినవే. భూతద్దం పెట్టి చూస్తే అక్షరాల అంచులు చెదిరి ఉంటాయి, నిమిషాల ముల్లు గీతల వరస దాకా చేరదు, సెకన్ల ముల్లు ఇంకేదో వాచీది అయి ఉంటుంది. ఈ తేడాలు తెలియడమే వెల తెలియడం.

అది అలా ఉంచండి. ఇరవై ఏడింటికీ రోజూ చావి ఇస్తారా? ఇవ్వకపోతే లోపల నూనె గడ్డకడుతుంది, తర్వాత నా లాంటివాడి దగ్గరికే తేవాలి.

చావి మాస్టరు:
రోజుకు ఒకదానికే ఇస్తానని రాశాను కదా.

దేవరకొండ దుకాణం:
నిండా చావి ఇస్తే ఆ మెషీను ఒకటిన్నర రోజుకు కాస్త అటూ ఇటూగా నడుస్తుంది. అంటే మీ ప్రతి వాచీ నెలలో ఇరవై అయిదు రోజులకు పైగా ఆగిపోయే ఉంటుంది. ఆగిపోయిన వాచీల పెట్టెను చూసి ఆనందమంటున్నారా?

సూర్యాపేట క్యాసియో:
సెల్లుతో నడిచే వాచీ పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. దాని లోపలి క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, దానికి చావీ అక్కరలేదు, నూనె గొడవా లేదు.

చావి మాస్టరు:
వాచీ నడిచినా, ఊరికే పెట్టెలో ఉన్నా నూనె ఏళ్ల మీద ఎండిపోతూనే ఉంటుంది. అందుకే నాలుగైదేళ్లకు ఒకసారి విప్పి కడిగించాలని గడియారం సెంటరు దగ్గర నాకు పని నేర్పిన మెకానిక్ చెప్పేవాడు. రోజూ చావి ఇస్తే ఆ అవసరం తప్పుతుందని ఆయన ఎన్నడూ అనలేదు. మీరు వ్యాపారి గనుక నడవని వాచీ మీకు నష్టంగా కనిపిస్తుంది. దాని వంతు వచ్చేదాకా ఎదురుచూడటం కూడా నాకు ఇష్టంలో భాగమే.

దేవరకొండ దుకాణం:
వ్యాపారిననే మాట ఎందుకు వచ్చింది సార్? నేను నూనె గురించి అడిగాను. ఇరుసుల దగ్గర నూనె జిగురైతే మీ జనతా రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంది, అది వ్యాపారం కాదు, లోపల జరిగే పని.

గద్వాల కోడలు:
రెండు రోజులుగా చూస్తున్నాను, నూనె దగ్గరే ఆగిపోయారు. మా ఇంట్లో కూడా ఇలాంటి పెట్టె ఒకటుంది, మా వారిది. మా అమ్మకు పెళ్లిలో పెట్టిన చిన్న లేడీస్ వాచీని ఆయన రెండేళ్లు వెతికి సన్నని ముల్లు వేయించి ఇచ్చారు కాబట్టి ఈ పిచ్చిలో మంచి లేదని నేను అనను. కానీ మాస్టరు గారూ, మీరు ఎంత పెట్టారో చెప్పారు, ఎలా చావి ఇస్తారో చెప్పారు, ఇవన్నీ ఎవరి దగ్గర కొన్నారో మాత్రం చెప్పలేదు.

చావి మాస్టరు:
చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పదకొండు వాచీలు, నేను చెప్పిన ఆ మెకానిక్ దుకాణం ఎత్తేస్తూ ఇచ్చినవి. కొన్ని పాత సామాను వాళ్ల దగ్గర, మిగిలినవి ఇళ్లలో కొన్నాను. ఇంటి పెద్ద పోయాక అతని వాచీ అలమరలో పడి ఉంటుంది, పిల్లలు ఫోనులో సమయం చూసుకుంటారు. ఒక పైలట్‌ను దేవరకొండ వైపు ఒక పల్లెలో పెద్దావిడ దగ్గర తీసుకున్నాను. ఎంత ఇమ్మంటారమ్మా అంటే, ఎంత ఇస్తే అంత బిడ్డా అన్నది. నాలుగు వందలు ఇచ్చాను. దాన్ని కడిగించడానికే నాకు ఆరు వందలైంది.

మక్తల్ వలస:
ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను.

మా నాయన ముంబయికి వలస పోయి భవనాల మీద పనిచేశాడు. పాలమూరు లేబరు అని పేరే తప్ప మనిషికి వేరే పేరు లేని రోజులవి. ఏడాది కూలిలో మిగిల్చుకుని అక్కడే ఒక పైలట్ కొన్నాడు. నల్లని డయలు, తెల్లని అంకెలు. పనిలోకి పోయేటప్పుడు సిమెంటు తగలకుండా చేతిరుమాలులో చుట్టి టిఫిను డబ్బాలో పెట్టుకునేవాడట, అంటే పని చేసినంతసేపూ ఆయన టైము చూసుకోలేదన్నమాట. ఆయన పోయిన మరుసటి ఏడాది నేను పూణేలో ఉండగా ఎవరో పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. అమ్ముకోవడానికి కాదమ్మా, ఇష్టం కొద్దీ దాచుకుంటానని చెప్పి మా అమ్మ చేతిలో మూడు వందలు పెట్టి తీసుకుపోయాడు. మా అమ్మ కూడా ఎంత ఇస్తే అంత అనే అన్నది. ఆ మాటకు అర్థం వస్తువుకు వెల లేదని కాదు సార్. చదువుకున్నవాడు గడపలో నిలబడి ఉంటే బేరమాడటానికి ఆమెకు నోరు రాలేదు, అంతే.

మిర్యాలగూడ మిల్లు:
బాధగానే ఉంది, కానీ ఆ వచ్చినవాడు మాస్టరు గారు కాదు కదా.

చావి మాస్టరు:
ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని. ముసలమ్మలను మోసగించి వాచీలు ఎత్తుకుపోయేవాడినని నలుగురిలో అనిపించుకోవడానికి నేను ఇక్కడికి రాలేదు. నేను అడిగాను, ఆమె చెప్పింది, నేను ఇచ్చాను. ఇందులో దాచినది ఏముంది?

మక్తల్ వలస:
మోసమని నేను అనలేదు. మీరు మొదటి రోజు నుంచి వెల తెలియకపోవడాన్ని ఒక మంచి గుణంగా చెబుతున్నారు. పెట్టెలో పెట్టుకుని చావి ఇచ్చుకునేటప్పుడు అది మంచి గుణమే కావచ్చు. గడపలో నిలబడి కొనేటప్పుడు మాత్రం వెల తెలియకపోతే కొనేవాడికే లాభం, అమ్మేవాళ్లకు నష్టం. వెల పట్టదని చెప్పగలిగే స్తోమత కొనేవాడికి ఉంటుంది, మా అమ్మకు లేదు. మీ ఇష్టం అబద్ధమని మొదట్లో వాదించాను. ఆ మాట వెనక్కి తీసుకుంటాను. మీ ఇష్టం నిజమే, అయినా నా వాదన నిలుస్తుంది.

దేవరకొండ దుకాణం:
డయలు అసలుదై, ముళ్లు దానివే అయితే ఆ పైలట్‌ను నేనే పద్దెనిమిది వందలకు కొంటాను. అమ్మేది ఇంకా పైనే. మాస్టరు గారిని తప్పుపట్టడానికి కాదు, అంకె ఎవరో ఒకరు చెప్పాలి కదా అని చెబుతున్నాను.

గద్వాల కోడలు:
కడిగించిన ఆరు వందలు తీసేసినా లెక్క తెలుస్తూనే ఉంది.

చావి మాస్టరు:
రెండు రోజులు ఏమీ రాయలేదు, కోపంలో రాస్తే ఇంకేమైనా అంటానని ఆగాను. దేవరకొండ వారు చెప్పిన అంకెను మా అబ్బాయికి ఫోనులో చెబితే ఈసారి వాడు నవ్వలేదు. ఆ పెద్దావిడకు మిగతా డబ్బు పంపాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. పంపితే ఇన్నాళ్లూ కాదంటున్న వెలను ఒప్పుకున్నట్టు అవుతుంది, పంపకపోతే రేపు ఆ పైలట్ వంతు వచ్చినప్పుడు దానికి చావి ఇవ్వగలనో లేదో తెలియదు. మక్తల్ తమ్ముడూ, మీ నాన్నగారి వాచీకి ఏదైనా గుర్తు ఉందా?

మక్తల్ వలస:
వెనక మూత లోపలి వైపు ఉంటుంది. మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా దగ్గర ఒకసారి బాగుచేయించినప్పుడు మెకానిక్ సూదితో తేదీ గీశాడు, పక్కనే మా నాయన పేరులోని మొదటి అక్షరం ‘న’ కూడా ఉంది. తేదీ నాకు గుర్తు లేదు, 1994 అనుకుంటాను.

చావి మాస్టరు:
నా దగ్గరున్న నాలుగు పైలట్లూ మూతలు తీసి అద్దం పెట్టి చూశాను. ఒకదానిలో 88 అనే అంకె ఉంది, ఒకదానిలో రెండు గీతలు, దేవరకొండ వైపు నుంచి తెచ్చినదానిలో ఎవరిదో సంతకం లాంటిది ఉంది. ‘న’ ఎందులోనూ లేదు.

మక్తల్ వలస:
లేదనే అనుకున్నాను సార్. అయినా ఆ రెండు గీతలున్న మూత ఫొటో ఒకటి పెట్టండి.