బ్లీచ్ టైట్రేషన్: డైల్యూషన్ ఫ్యాక్టర్ (ఎన్ని రెట్లు పలచన చేశామో ఆ సంఖ్య) ఎక్కడ వేయాలి?

ప్రశ్న: బ్లీచ్‌లో క్లోరిన్ ఎంతుందో చూడ్డానికి 10 మి.లీ. బ్లీచ్‌ను 250 మి.లీ.కి పలచన చేసి, అందులోంచి 25 మి.లీ. చొప్పున తీశాను. టైట్రేషన్‌లో ఖర్చయిన 0.1 నార్మల్ థయోసల్ఫేట్ రీడింగులు, బ్లాంక్ (బ్లీచ్ లేకుండా వచ్చే రీడింగ్) తీసేశాక: 22.4, 22.5, 23.1 మి.లీ. మూడింటికీ సగటు తీయొచ్చాండీ?

జవాబు 1: 23.1ని ఇప్పుడే కొట్టేయకండి, ఇంకొకటి చేసి చూడండి. అదీ 22.5 దగ్గరే వస్తే, కారణం దొరికితేనే 23.1ని వదిలేయండి. ఆమ్లం పోశాక ఆలస్యమైతే గాలికి, ఫ్లాస్కులో వేసిన అయోడైడ్ ఆక్సీకరణం చెంది రీడింగ్ పెరుగుతుంది.

లెక్కకొస్తే, 25 మి.లీ.లో అసలు బ్లీచ్ 1 మి.లీ. మాత్రమే. మొదటి రెండు రీడింగుల సగటు 22.45తో (35.45 క్లోరిన్ తుల్యభారం): 22.45 × 0.1 × 35.45 = 79.6 మి.గ్రా. క్లోరిన్, అంటే బ్లీచ్ లీటరుకు 79.6 గ్రాములు. దీన్ని మళ్లీ 25తో గుణించకండి! పలచన ద్రావణానికి లెక్కకట్టి లీటరుకు 3.18 గ్రాములు తెచ్చుకుంటేనే ఆ గుణకారం.

జవాబు 2: ఒకే ఫ్లాస్కు నుంచి ఎన్నిసార్లు తీసినా పిప్పెట్ పొరపాటు బయటపడదు. పలచన కూడా కొత్తగా చేయండి. పొటాషియం అయోడైడ్ వేశాకే ఆమ్లం. ముందే పోస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది, పీల్చడమూ ప్రమాదం. స్టార్చ్ (టైట్రేషన్ ముగింపును రంగుతో చూపేది) ద్రావణం లేత పసుపు రంగుకు వచ్చిన దశలో వేయండి.